మల్లయ్య సంతకం పెట్టిన కాగితం

ఈ బరువు ఎనిమిదేళ్ళుగా మోస్తున్నాను. ఎక్కడ దించినా నలుగురి కంటా పడుతుందని మోశాను. ఇప్పుడిక చేతులు లాగుతున్నాయి. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఆ ఒక్క వెసులుబాటు ఇవ్వండి, మిగతాది ఏదీ దాచను.

నా తప్పు చేపలతో మొదలైంది. మీకు నవ్వొస్తే నవ్వండి. నేనూ మొదట్లో నాకు నేను అలాగే చెప్పుకునేదాన్ని, చేపలే కదా అని.

పంజాగుట్టలో ఒక పాత భవనం రెండో అంతస్తులో మా ఆఫీసు ఉండేది. ఒకే నదికి ఎగువన ఉన్న తెలంగాణ మత్స్యకార సంఘాలు, దిగువన ఉన్న ఆంధ్ర సంఘాలు, రెండు వైపుల మత్స్యశాఖ అధికారులు కలిసి పెట్టుకున్న ఉమ్మడి వేదిక అది. గుర్రపుడెక్క, విదేశీ చేపలు, ఇలాంటివి ఒకరి నీళ్ళలో పుట్టి ఇంకొకరి నీళ్ళను పాడుచేస్తాయి కాబట్టి కలిసి కాపలా కాయాలని ఒప్పందం. పెద్ద హంగామా ఏమీ లేదు. నలుగురం ఉద్యోగులం, నీళ్ళు కారే ఏసీ ఒకటి, అధికారుల సంతకాల కోసం లక్డీకాపూల్‌కి తిరిగే ఒక పాత జీపు.

మా పని నడిచే పద్ధతి మీకు చెప్పాలి, నా తప్పంతా అందులోనే ఉంది. ఏ చెరువులోనైనా బయటి చేప కనిపిస్తే ఆ సంఘం ప్రెసిడెంటు ఒక ఫారం నింపి ఆఫీసుకు ఇవ్వాలి. అందిన రోజే నేను నది వాలు వెంట పైనుంచి కిందికి, ఒక్కో సంఘానికి వరసగా ఫోన్ చేసి చెప్పాలి. వరస ఫోన్లు అనేవాళ్ళం వాటిని. అవతలివాళ్ళు "అందింది" అంటే వాళ్ళ పేరు పక్కన టిక్కు పెట్టి, కింది ఊరికి చేసేదాన్ని. ఆ ఫోన్లు అందుకుని కిందివాళ్ళు కాలువలకు అడ్డంగా వలలు కట్టుకునేవాళ్ళు. పైవాళ్ళు నీళ్ళు తక్కువున్నప్పుడే చెరువు గాలించి ఆ చేపల్ని ఏరిపారేసేవాళ్ళు. ఎవరి చెరువులో మొదట కనిపించినా వాళ్ళను తప్పు పట్టకూడదని, దాచితే మాత్రం ఊరుకోకూడదని రాసుకున్నారు. ఆ వాక్యం తెలుగులో రాసింది నేనే.

కరపత్రం కూడా నేనే రాశాను. "ఇంట్లో పెంచే చేపల్ని చెరువుల్లో వదలకండి. మీరు జాలి అనుకునేది ఆ చెరువుకు చావు" అని. ఆ వాక్యానికి మా డైరెక్టరు గారు మురిసిపోయారు. నేను ఆయనకంటే ఎక్కువ మురిసిపోయాను.

అప్పట్లో మేం అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో అద్దెకుండేవాళ్ళం. మా ఆయనకు గుండె ఆపరేషనై సోమాజిగూడలో ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజులు. చేపల్ని చూస్తూ కూర్చుంటే మనసు నెమ్మదిస్తుందని ఎవరో చెబితే అక్వేరియం కొన్నాం. గాజుకు పట్టే పాచిని తింటాయని షాపు అతను మూడు సక్కర్ చేపలు అంటగట్టాడు. వేలెడంత ఉన్నాయి. నల్లటి మచ్చలు, పెంకులాంటి చర్మం, కిందివైపు నోరు. మా ఆయన వాటిని శానిటరీ డిపార్ట్‌మెంట్ అని పిలిచేవారు. ఒకటి ఫిల్టరు గొట్టంలో ఇరుక్కుంటే ఆయనే లాగి తీశారు. దాని ఎడమ రెక్క ముల్లు విరిగి, వంకరగా అతుక్కుంది. దానికి సూపర్‌వైజర్ అని పేరు పెట్టారు.

ఏడాదిన్నరకు అవి జానెడు దాటాయి. మిగతా చేపల ఒళ్ళు రాత్రుళ్ళు పీల్చి పీల్చి ఒక్కొక్కదాన్నే చంపేశాయి. మేం చిన్న ఇంటికి మారాల్సి వచ్చింది. షాపు అతన్ని వెనక్కి తీసుకోమంటే చేతులెత్తేశాడు. ఇలాంటివి మనుషుల్లా పెరిగితే ఎవరు కొంటారమ్మా అన్నాడు. ఏం చేయాలో నా కరపత్రంలోనే ఉంది. ఐస్ నీళ్ళలో వేసి చంపి పూడ్చిపెట్టాలి. ఐస్ తెచ్చాను కూడా. సింకు దగ్గర నిలబడ్డాను. మా ఆయన వంటింటి గుమ్మం పట్టుకుని, "వాటినేం చేస్తావే, ఎక్కడో నీళ్ళలో వదిలెయ్యరాదూ, ఇన్నాళ్ళు కళ్ళముందు తిరిగాయి" అన్నారు. ఆయనకు ఆపరేషనైన గుండె. నాకు ఒక సాకు దొరికింది. ఐస్ కరిగిపోయింది.

మర్నాడు ఫీల్డుకు వెళ్ళాలి. ఒక చెరువు దగ్గర సంఘం సభ్యులకు శిక్షణ, విదేశీ చేపల గురించి. ఆ చెరువు పేరు రాయను. నేను ఏం చేశానో ఊహించే ఉంటారు. పెయింటు బకెట్‌లో మూడు చేపలు వేసి, మూత పెట్టి, కరపత్రాల కట్టల పక్కనే జీపులో పెట్టుకుని వెళ్ళాను. ఒకే జీపులో కరపత్రమూ, బకెట్టూ. శిక్షణ అయ్యాక అందరూ టీ తాగుతుంటే చెరువు కట్ట చివరికి నడిచి వెళ్ళి వదిలేశాను. అవి వెంటనే పోలేదు. గట్టు పక్కన బురదలో కాసేపు అలాగే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. జాలి అనుకున్నాను దాన్ని. నా వాక్యం నాకే గుర్తు రాలేదు. కాదు, వచ్చింది. అబద్ధం ఎందుకు, వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు బకెట్ మరిచిపోయాను. ఆ సంఘం ప్రెసిడెంటు మల్లయ్య పరుగెత్తుకుంటూ వచ్చి జీపులో పెట్టాడు. యాభై దాటిన మనిషి, పొట్టిగా, ఎండకు నల్లబడిన చేతులు. ఆ చెరువులో వాళ్ళ తాత వల వేశాడు, తండ్రి వేశాడు. శిక్షణలో అందరికంటే ముందు కూర్చుని, చదువు రాకపోయినా నా కరపత్రాన్ని పక్కవాడితో రెండుసార్లు చదివించుకున్నది ఆయనే.

చేపలు వదిలాక మూడో వేసవిలో మల్లయ్య మా ఆఫీసుకు వచ్చాడు. మధ్యాహ్నం. డైరెక్టరు గారు ఢిల్లీ మీటింగులో ఉన్నారు, మిగతా ఇద్దరూ సెలవు. చేతిలో తడి గోనెసంచి. ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. సంచి విప్పి నా టేబుల్ పక్కన నేల మీద పెట్టాడు. చేప ఇంకా బతికే ఉంది. నోరు మెల్లగా తెరుస్తోంది, మూస్తోంది. నీళ్ళు లేకుండా గంటల తరబడి బతుకుతాయవి. మూరెడుంది. ఎడమ రెక్క ముల్లు వంకర.

మా సూపర్‌వైజరే.

వాళ్ళ ఊళ్ళో దానికి రాకాసి చేప అని పేరు పెట్టేశారట. వలలు చింపుతోందట. దాని పిల్లలు కూడా వలల్లో బోలెడు పడుతున్నాయట. బొచ్చెలు, రవ్వలు తగ్గిపోయాయట. చెరువులో ఇప్పుడు మోకాలి లోతు నీళ్ళే ఉన్నాయి, ఊరంతా దిగితే మొత్తం గాలించి తీసేయొచ్చు, పక్క సంఘాల వాళ్ళను, వాళ్ళ పెద్ద వలలను పంపమని అడిగాడు. ఎందుకైనా మంచిది, వానలు పడేలోపు కిందివాళ్ళకు కూడా చెప్పమన్నాడు. కాయితంల ఎట్లున్నదో గట్లనే చేసిన మేడమ్ అన్నాడు. అమ్మలేదు, తిరిగి నీళ్ళలో వదల్లేదు, వెంటనే తెచ్చాడు. నా కరపత్రంలోని ప్రతి మాటా పాటించిన ఒకే ఒక్క మనిషి.

కుర్చీలో కూర్చోబెట్టాను. కింద నుంచి టీ తెప్పించాను. ఫారం తీసి, ఆయన చెబుతుంటే నేనే నింపాను. చివరి గడిలో "ఆ చేప నీళ్ళలోకి ఎలా వచ్చి ఉండవచ్చు?" అని ఉంటుంది. ఆయన కాసేపు ఆలోచించి తెలియదన్నాడు. తెలియదు అని రాశాను. సంతకం పెట్టడం కొత్తగా నేర్చుకున్నాడేమో, నాలుక బయటపెట్టి, ఒక్కో అక్షరం దిద్ది పెట్టాడు. ఇగ నాకు ఫికర్ లేదు మేడమ్ అని నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

వరస ఫోన్ల పుస్తకం తెరిచాను. మొదటి నంబరు సగం నొక్కి ఆపేశాను.

ఎందుకు ఆపాను? ఎనిమిదేళ్ళుగా అడుగుతున్నాను. ఫోన్ చేస్తే విచారణ జరుగుతుంది. చేప ఎలా వచ్చిందని తవ్వుతారు. అక్వేరియం చేప అని చూడగానే తెలుస్తుంది. ఆ చెరువు దగ్గరికి ఎవరెవరు వచ్చారు, బకెట్ ఎవరిది అని ఎవరో ఒకరు అంటారు. మా ఆయన తట్టుకోలేరు, ఆయన మాట వల్లే ఇదంతా జరిగిందని బాధపడతారు అనుకున్నాను. చాలా ఏళ్ళు ఈ కారణమే నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను, అది నిజం కాదు. ఆయన తట్టుకునేవారు. నేను తట్టుకోలేకపోయేదాన్ని. కరపత్రం రాసిన మేడమే చేప వదిలిందట అని మీటింగుల్లో నవ్వుకుంటారని నాకు భయం. ఇంత పెద్ద నదికి నేను చేసిన కీడు కంటే, నా గురించి నలుగురు అనుకునే నాలుగు మాటలు నాకు పెద్దవైపోయాయి. వారం ఆగి చూద్దాం అనుకున్నాను. ఏం చూద్దామనో తెలియదు.

ఆ చేప ఇంకా నేల మీదే ఉంది. ప్లాస్టిక్ సంచిలో గట్టిగా చుట్టి, ముడివేసి, కింద చెత్త బండిలో పడేశాను. సింకు ముందు ఐస్ కరిగేదాకా నిలబడిన దాన్ని, ఆ రోజు ఎంత సులువుగా చేశానో. నా పరువు అడ్డమొచ్చేసరికి చంపడానికి చేతులొచ్చాయి.

ఫారం సొరుగులో పెట్టాను. మల్లయ్య రెండుసార్లు ఆఫీసు నంబరుకు ఫోన్ చేశాడు. పనులు జరుగుతున్నాయని చెప్పాను. ఊరివాళ్ళను దిగమనాలా అని అడిగితే ఆఫీసు మనుషులు వచ్చేదాకా ఆగమన్నాను. ఆయన ఆగాడు. ఆ ఏడు వానలు ముందే వచ్చాయి. చెరువు నిండింది. అలుగు పొంగి మత్తడి దుంకింది. వాగులోకి, వాగు నుంచి నదిలోకి, నదిలోంచి దిగువకు అన్నీ వెళ్ళిపోయాయి.

మరుసటి ఏడు కింది నుంచి గోల మొదలైంది. వలలు చిరుగుతున్నాయి, కాలువ గట్ల నిండా బొరియలు, పట్టిన చేపల్లో సగం పనికిరానివే. ఆంధ్ర సంఘాల వాళ్ళు వాగు వెంట వెతుక్కుంటూ వచ్చి మల్లయ్య చెరువు దగ్గర తేలారు. లక్డీకాపూల్‌లో ఒక హోటల్ హాల్లో ఉమ్మడి సమావేశం పెట్టారు. ఒకవైపు ఎగువవాళ్ళు, ఒకవైపు దిగువవాళ్ళు, మధ్యలో మైకు ముందు నేను, ఎప్పటిలాగే మినిట్స్ రాస్తూ. దాచారు, కావాలనే దాచారు అని కిందివాళ్ళు కేకలు. మల్లయ్య లేచి నిలబడ్డాడు.

"దాయలేదు సార్. నేనే పట్నమొచ్చి చెప్పిన. మేడమ్‌ని అడుగుండ్రి."

డైరెక్టరు గారు నా వైపు తిరిగారు. "ఏంటండీ, ఫారం వచ్చిందా మనకి?"

నా నోట్లోంచి వచ్చిన మాట నేనే విన్నాను. "రాలేదండి."

మల్లయ్య నవ్వాడు. నేను మరిచిపోయానని అనుకున్నాడు, పాపం. "యాదికి లేదా మేడమ్? ఎండకాలం వచ్చిన గద. చేపను సుత తెచ్చిన. మీ కుర్చీ కాడ్నే కూసున్న, చాయ్ తాపిచ్చిండ్రు. మీరే రాసిండ్రు, నేను దస్కత్ పెట్టిన."

"వేరే పని మీద వచ్చారేమో మల్లయ్య గారూ. నాకైతే ఫారం ఇవ్వలేదు."

గారూ అన్నాను. అంత మర్యాదగా అన్నాను.

ఆయన నన్ను చూస్తూ ఉండిపోయాడు. కోపంగా కాదు. దారి తప్పినవాడు ఎవరినైనా అడుగుదామని చూసినట్టు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "గట్లనా మేడమ్. అయితే నాకే యాది తప్పిందేమో."

కూర్చున్నాడు. నేను మినిట్స్‌లో రాశాను. "సంఘం నుంచి సమాచారం అందలేదని నిర్ధారణ అయింది." నా చేతి రాత ఆ రోజు ఎప్పటికంటే బాగా వచ్చింది.

బకెట్ సంగతి ఆయనకు గుర్తుందా? ఇది నన్ను ఇప్పటికీ వదలని ప్రశ్న. ఖాళీ బకెట్‌లో నీళ్ళ తడి, చేపల వాసన ఉండే ఉంటుంది. చేపలు పట్టే మనిషికి ఆ వాసన తెలియదా? తెలిసి కూడా హాల్లో ఆ మాట అనలేదా? అనుంటే నా గుట్టు బయటపడేది. ఆయన నన్ను కాపాడాడా, లేక నిజంగానే ఏమీ తెలియదా? ఏది నిజమైతే నాకు కొంచెం తేలికో అది కూడా తెలియదు.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి ఎక్కువ లేదు. ఆ సంఘాన్ని వేదిక నుంచి తీసేశారు. ఊళ్ళో మల్లయ్యను ప్రెసిడెంటుగా దించేశారు. అబద్ధాలకోరు అన్నారట. ఎగువవాళ్ళు ఫారాలు ఇవ్వడం మానేశారు. చెప్పినా దాచామనే అంటారు, ఎందుకు చెప్పాలి అని. దిగువవాళ్ళు పైవాళ్ళ మాట నమ్మడం మానేశారు. గుర్రపుడెక్క వచ్చినా ఫోన్ లేదు, ఇంకోటి వచ్చినా ఫోన్ లేదు. వరస ఫోన్ల పుస్తకంలో టిక్కులు తగ్గిపోయి ఒకరోజు అసలే లేవు. చేపలు చేసిన నష్టం కంటే ఇది పెద్దది. చేపల్ని ఎప్పటికైనా పట్టుకుంటారేమో. ఒకరి ఫోన్ ఒకరు నమ్మి ఎత్తడం మళ్ళీ ఎలా వస్తుందో నాకు తెలియదు.

వేదిక మూతపడింది. మూసేసేటప్పుడు నాకు శాలువా కప్పారు. రెండు రాష్ట్రాల మధ్య వారధి అన్నారు. తల వంచి కప్పించుకున్నాను. వినయం అనుకున్నారు. ఆ ఆఫీసులో ఇప్పుడు ఏదో కోచింగ్ సెంటర్ నడుస్తోంది, మెట్ల నిండా చెప్పులు.

ఇక ఎందుకు చెబుతున్నాను ఇప్పుడు? నాలుగు నెలల క్రితం అమీర్‌పేటలో కూరగాయలు కొనుక్కుని వస్తున్నాను. సత్యం థియేటర్ వైపు వెళ్ళే సందుల్లో ఒక హాస్టల్ ముందు వాచ్‌మన్ కుర్చీలో ఒక మనిషి లేచి నిలబడ్డాడు. ఖాకీ చొక్కా వదులుగా ఉంది. జుట్టు మొత్తం తెల్లబడింది. "మేడమ్, మంచిగున్నరా? సార్ పానం మంచిగున్నదా?" అన్నాడు. మా ఆయన గుండె ఆపరేషన్ సంగతి ఎప్పుడో టీ తాగుతూ చెప్పాను. అది గుర్తుంచుకున్నాడు. బాగున్నామని తలూపి, సంచి గట్టిగా పట్టుకుని నడిచాను. ఆ రోజు నుంచి ఆ సందులోకి వెళ్ళలేదు. మెట్రో స్టేషన్ కింద నుంచి చుట్టూ తిరిగి వెళుతున్నాను. మోకాళ్ళ నొప్పి. మా ఆయన ఎందుకంత దూరం అంటారు. అటు కూరలు తాజాగా ఉంటాయి అని చెబుతున్నాను. చూశారా, ఇంకా మానలేదు.

మల్లయ్య ఇక్కడికి పది నిమిషాల నడకలో ఉన్నాడు. వెళ్ళి చెప్పొచ్చు. ఇప్పటికిప్పుడు చెప్పులేసుకుని వెళ్ళొచ్చు. వెళతానని మీకు మాటివ్వను. నా మాట ఎలాంటిదో మీకిప్పుడు తెలుసు కదా. వెళితే క్షమించేస్తాడేమో, పోనీ తియ్యిండ్రి మేడమ్ అంటాడేమో, దానికే ఎక్కువ భయపడుతున్నాను. అలా అనే హక్కు ఆయనది, అనిపించుకునే హక్కు నాకు లేదు. ఊరు పోయింది, పేరు పోయింది, తాతల చెరువు పోయింది. నేను వెళ్ళి ఏడిస్తే ఆయన నన్ను ఓదార్చాలా?

ఆ ఫారం నా దగ్గరే ఉంది. ఆఫీసు ఖాళీ చేసేటప్పుడు సొరుగులోంచి తీసి ఇంటికి తెచ్చుకున్నాను. చింపలేకపోయాను. మా అక్వేరియం ఇప్పుడు ఖాళీ గాజు పెట్టె, అందులో పాత పేపర్లు వేస్తాం. ఆ పేపర్ల అడుగున ఇన్నాళ్ళూ ఉంది. ఇవాళ పొద్దున తీశాను. మా ఆయన హాల్లో టీవీ చూస్తున్నారు. మడతల దగ్గర చిరిగింది గానీ అక్షరాలు చెరగలేదు. మొదట చూసినవారు, మల్లయ్య. తెలియజేసినవారు, మల్లయ్య. దిద్ది దిద్ది పెట్టిన ఆ సంతకం. చివరి గడిలో, ఎలా వచ్చి ఉండవచ్చు అన్న చోట, నా రాతలో తెలియదు అని.

పెన్ను తెచ్చుకున్నాను. పంపడానికి ఆఫీసు లేదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలియదు అన్న మాట కొట్టేయలేదు, అది ఆయన నిజాయితీగా చెప్పిన మాట. దాని కింద రాశాను. "మూడు చేపలు, బకెట్‌లో తెచ్చి నేనే వదిలాను. మల్లయ్య వచ్చి చెప్పాడు. నేను లేదన్నాను."

గడి చిన్నదే. సరిపోయింది.